రాడార్ తెర ఆరిపోతే పైనున్న విమానాల గతేమిటి?

మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలు. 2025 ఏప్రిల్ 28న అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయం వైపు వచ్చే విమానాలను నేల మీది నుంచి నడిపించే కంట్రోలర్లకు ఒకటిన్నర నిమిషం పాటు రాడార్, రేడియో రెండూ పోయాయట, అంత పెద్ద దేశంలో బ్యాకప్ లేదా? అసలు రాడార్ ఎందుకు చెడిపోతుంది? అది చెడిపోతే పైనున్న విమానాలు ఏమవుతాయి? నెవార్క్ దగ్గరి ఎడిసన్‌లో ఉండే మీరు హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలను నెవార్క్‌కే రప్పించవచ్చా, దూరమైనా న్యూయార్క్‌లోని కెనెడీ విమానాశ్రయమే మేలా?

నేను కంట్రోలర్‌ను కాను. ముప్పై ఏళ్లకు పైగా రాడార్లు బాగుచేసి రిటైరైనవాణ్ని. కంట్రోలర్లు కూర్చునే గది చల్లగా, మసక వెలుతురులో, గుడిలా ఉంటుంది. మేముండేది రన్‌వే చివర గడ్డిలోనో, కొండ మీదో. నెత్తిన యాంటెనా తిరుగుతుంటుంది, కింద ఫ్యాన్ల హోరులో పక్కవాడి మాట వినబడదు. వాళ్ల తెర మీద బొమ్మ ఆగితే ముందు మోగేది మా ఫోను. కాబట్టి ఈ సంగతి యంత్రం వైపు నుంచి చెబుతాను.

‘రాడార్ పోయింది’ అని వార్త వచ్చిన రోజున చాలాసార్లు రాడార్ నిక్షేపంగా తిరుగుతూనే ఉంటుంది. నెవార్క్‌లో జరిగిందీ అదే. ఆ విమానాశ్రయానికి వచ్చిపోయే విమానాలను చాలాకాలం లాంగ్ ఐలాండ్‌లోని న్యూయార్క్ కేంద్రం చూసుకునేది. అక్కడ కంట్రోలర్ల కొరత తీరక 2024 జులైలో ఆ పనిని ఫిలడెల్ఫియాకు మార్చారు. మనుషులు, కుర్చీలు మారాయి. రాడార్ సమాచారాన్ని పోగుచేసి బొమ్మగా మలిచే కంప్యూటర్ వ్యవస్థ మాత్రం న్యూయార్క్‌లోనే ఉండిపోయింది. అక్కడినుంచి టెలికాం లైన్ల మీద ఫిలడెల్ఫియాకు పంపుతూ వచ్చారు. ఇల్లు మారినవాడు పాత ఇంటి కుళాయి నుంచి గొట్టం లాక్కుని నీళ్లు పట్టుకున్నట్టన్నమాట. ఏప్రిల్ 28న ఆ లైను పోయింది. వెంటనే అందుకోవలసిన రెండో లైను అందుకోలేదు. రేడియో మాటలు కూడా దూరపు లైన్ల మీదే నడిచే ఏర్పాటు కాబట్టి కన్నుతో పాటు నోరూ పోయింది. మే 9 తెల్లవారుజామున 3:55కు మళ్లీ అంతే, మరో ఒకటిన్నర నిమిషం. ఈ లోగా కొందరు కంట్రోలర్లు మానసిక ఆఘాతమని సెలవు పెట్టారు. ఒక రన్‌వే అప్పటికే మరమ్మతుల కోసం మూసి ఉంది. యునైటెడ్ విమాన సంస్థ నెవార్క్ నుంచి రోజుకు 35 రానుపోను సర్వీసులను తగ్గించుకుంది.

ఇందులో యాంటెనా తప్పు ఏమీ లేదు, గమనించండి.

ఒకటిన్నర నిమిషం అంటే ఎంత అన్నది మైళ్లలో చూడాలి. దిగడానికి వస్తున్న విమానం 180 నాట్ల, అంటే గంటకు 180 నాటికల్ మైళ్ల, వేగంలో ఉంటే నిమిషానికి మూడు నాటికల్ మైళ్లు పోతుంది. తొంభై సెకన్లలో నాలుగున్నర. విమానాశ్రయం దగ్గరి ఆకాశంలో రెండు విమానాల మధ్య పక్కకు ఉండవలసిన కనీస దూరం మామూలుగా మూడు మైళ్లు. అంటే తెర ఆరేముందు కంట్రోలర్ చివరిసారి చూసిన బొమ్మ, తెర వెలిగేసరికి ఎందుకూ పనికిరాదు. పై ఎత్తుల్లో 480 నాట్ల మీద పోయే విమానమైతే అదే సమయంలో పన్నెండు మైళ్లు దాటేస్తుంది. ఆ కంట్రోలర్లు సెలవు పెట్టారంటే నాకేమీ వింతగా అనిపించలేదు.

ఇక రాడార్ సంగతి. విమానాశ్రయాల్లో మీకు కనిపించే ఆ తిరిగే చట్రంలో నిజానికి రెండు రాడార్లు ఉంటాయి. కింద వంపు తిరిగిన పెద్ద గిన్నెలాంటిది ప్రైమరీ. అది శక్తిమంతమైన రేడియో తరంగాన్ని వదిలి, విమానం ఒంటికి తగిలి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. అక్కడ ఏదో ఉందని చెబుతుంది కానీ అది ఎవరో, ఎంత ఎత్తులో ఉందో చెప్పలేదు. దాని నెత్తిన పొడుగ్గా నిచ్చెనలా ఉండేది సెకండరీ. అది 1030 మెగాహెర్ట్జ్ మీద ‘ఎవరు నువ్వు, ఎంత ఎత్తు?’ అని అడుగుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మీద జవాబిస్తుంది. తెర మీద విమానం పక్కన కనిపించే పేరూ ఎత్తూ ఆ జవాబు వల్ల వచ్చినవే. విమానాశ్రయపు రాడార్ నాలుగైదు సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. కంట్రోలర్ చూసేది నిరంతర చిత్రం కాదు, నాలుగైదు సెకన్లకోసారి గెంతే చుక్కలు. అనుభవమున్నవారికి ఆ గెంతు తాళంలా ఒంటబడుతుంది. అది తప్పితే కారణం తెలియకముందే తల ఎత్తుతారు.

ఈ రెండు కళ్ల తేడా ఎంత ఖరీదైనదో మన దేశానికి 1996 నవంబర్ 12న తెలిసింది. దిల్లీకి పడమరగా చర్ఖీ దాద్రీ మీద సౌదీ బోయింగ్ 747, కజకిస్తాన్ ఇల్యూషిన్ ఢీకొని 349 మంది చనిపోయారు. సౌదీ విమానానికి 14,000 అడుగుల దగ్గర ఉండమని, ఎదురొచ్చే కజక్ విమానానికి 15,000 దగ్గర ఆగమని కంట్రోలర్ చెప్పారు. కజక్ విమానం ఆగకుండా కిందికి జారింది. ఆ రోజు వచ్చిపోయే విమానాలను చూసుకునే దిల్లీ కేంద్రం దగ్గర ఉన్నది ప్రైమరీ రాడార్ మాత్రమే. తెర మీద రెండు చుక్కలు ఒకదాని మీదికొకటి వస్తుంటే, వాటి మధ్య వెయ్యి అడుగులు ఉన్నాయో లేవో చూసే దారి ఆయనకు లేదు. ఏ యంత్రమూ చెడిపోలేదు. ఉన్న యంత్రానికి అంతే తెలుసు. ఆ తర్వాతే దిల్లీకి సెకండరీ రాడార్ వచ్చింది, రాకపోకలకు వేర్వేరు దారులు వచ్చాయి, విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే పరికరం తప్పనిసరి అయింది.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. యాంటెనా దగ్గర మొదలుపెడితే, తిరిగేదేదైనా అరుగుతుంది. బేరింగులు, గేరుపెట్టె నూనె, మోటార్లు, తిరిగే భాగానికీ తిరగని భాగానికీ మధ్య సిగ్నల్‌ను దాటించే రోటరీ జాయింట్, అన్నీ అంతే. ఇవి చెప్పి మరీ చెడిపోతాయి. వారం ముందు నుంచే మూలుగు వినిపిస్తుంది. చెప్పకుండా వచ్చేది తేమ. ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెనా దాకా రేడియో శక్తిని మోసే లోహపు గొట్టం ఉంటుంది, వేవ్‌గైడ్ అంటాం. అందులో పొడిగాలిని ఒత్తిడితో నింపి ఉంచాలి. వానాకాలంలో ఎక్కడో ఒక రబ్బరు సీలు పగిలి తేమ చేరిందంటే, కొన్ని వందల కిలోవాట్ల పల్స్ ఆ తేమలో మెరుపులా దూకుతుంది. గొట్టం లోపలినుంచి ‘టప్’మని చప్పుడు, ట్రాన్స్‌మిటర్ ట్రిప్. జూన్ వస్తే నేను డ్యూటీలో దిగగానే ముందు చూసేది కంప్యూటర్ తెరను కాదు, గాలిని పొడిచేసే సీసాలోని సిలికా జెల్ గింజలను. నీలంగా ఉంటే నెమ్మది. గులాబీ రంగుకు తిరిగాయంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే.

ఇన్ని చెప్పాను కానీ, ఇవేవీ మామూలుగా కంట్రోలర్ తెరను ఆర్పవు. ప్రతి రాడార్‌లోనూ ట్రాన్స్‌మిటర్, రిసీవర్, ప్రాసెసర్ జంటగా ఉంటాయి. ఒక వరస (ఛానల్ అంటాం) పోతే రెండోది అందుకుంటుంది. పైగా ఒక రాడార్ మొత్తంగా ఆగినా పక్క రాడార్లు చూస్తుంటాయి. మన తెలుగు రాష్ట్రాల మీది ఆకాశం చెన్నై విమాన సమాచార ప్రాంతంలో భాగం. అక్కడి కేంద్రం దక్షిణాదిలోని పలు రాడార్ల సమాచారాన్ని కలిపి ఒకే చిత్రంగా చూస్తుంది. పై ఎత్తుల్లో ఒక రాడార్ ఆగితే కంట్రోలర్‌కు తెలియకపోవచ్చు కూడా. కింది ఎత్తుల్లో, విమానాశ్రయం చుట్టూ మాత్రం అంత వెసులుబాటు ఉండదు. భూమి వంపు వల్ల దూరపు రాడార్‌కు కింద తిరిగే విమానాలు కనబడవు.

అసలు చిక్కు ఈ జంటలన్నీ ఒకచోట ముడిపడే దగ్గర ఉంటుంది. కరెంటు అలాంటి ముడి. 2023 జనవరి 1న మనీలాలో యూపీఎస్ ఏర్పాటు మొరాయించింది. సరే, నేరుగా బయటి కరెంటుకు కలుపుదామంటే 220 వోల్టులు రావలసిన చోట 380 వచ్చి మరికొన్ని పరికరాలను దెబ్బతీసింది. ఫిలిప్పీన్స్ ఆకాశం గంటల తరబడి మూతబడింది, 280కి పైగా విమానాల మీద దెబ్బ పడింది. రాడార్లు బాగానే ఉన్నాయి, వాటికి అన్నం పెట్టేవాడు పడిపోయాడు. ఏసీ ఇంకో ముడి. పరికరాల గది చల్లబడకపోతే రెండు ఛానళ్లూ ఒకే బీరువాలో కలిసే వేడెక్కుతాయి.

అన్నింటికన్నా మాయదారి ముడి కేబుల్. నేను పనిచేసిన ఒక చోట రాడార్ నుంచి టవర్‌కు రెండు లైన్లు ఉండేవి, రెండు వేర్వేరు కంపెనీలవి. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉండేది. ఒక వేసవి మధ్యాహ్నం రెండూ ఒకే క్షణంలో పోయాయి. వెతుక్కుంటూ పోతే రెండు కిలోమీటర్ల అవతల డ్రైనేజీ పని చేస్తున్న తవ్వకపు యంత్రం, దాని పళ్లకు వేలాడుతూ రెండు కేబుళ్లు, ఒకటి నలుపు, ఒకటి నారింజ. రెండో కంపెనీవాళ్లు కొత్త కందకం తవ్వే ఖర్చెందుకని మొదటివాళ్ల కందకంలోనే తమ కేబుల్ పడుకోబెట్టారు. పన్నెండేళ్లుగా మేము రెండు దారులున్నాయని నమ్మి ఉన్నది ఒకే దారి మీద. నెవార్క్ వార్త చదవగానే నాకు ఆ నారింజ కేబులే గుర్తుకొచ్చింది.

సాఫ్ట్‌వేర్‌లో ఇదే కందకం మరీ లోతుగా ఉంటుంది. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో జరిగింది చూడండి. లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ వెళ్లే ఒక విమానం ప్రయాణ పథకంలో డీవీఎల్ అనే గుర్తు రెండు చోట్ల వచ్చింది. ఒకటి అమెరికాలోని డెవిల్స్ లేక్, ఒకటి ఫ్రాన్స్‌లోని డోవిల్. బ్రిటిష్ కంప్యూటర్ ఈ రెండింటి మధ్య తికమకపడి, తప్పు సమాచారం కంట్రోలర్లకు పంపడం కన్నా ఆగిపోవడం మేలని ఆగిపోయింది. బ్యాకప్ కంప్యూటర్ లేచి, అదే పథకాన్ని అదే ప్రోగ్రామ్‌తో చదివి, అదే చోట తికమకపడి ఆగిపోయింది. అంతా కలిపి ఇరవై సెకన్ల లోపు. గంటకు 400 పథకాలు చూసే పని చేతిరాతకు వచ్చి 60కి పడిపోయింది. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. అది సెలవు రోజు, ఇంటి దగ్గరున్న ఇంజినీరు కేంద్రానికి చేరడానికే గంటన్నర పట్టింది. ఆ ఇంజినీరు కారులో కూర్చున్న ఆ గంటన్నర ఎలా ఉండి ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఇంకా పాతది, నాకు ఇష్టమైనది ఒకటుంది. ఇష్టమనకూడదేమో గానీ, మా వృత్తిలో అందరూ ఒకసారైనా తలచుకునే ఉదంతం. 2004 సెప్టెంబర్ 14న లాస్ ఏంజెలెస్ కేంద్రంలో కంట్రోలర్లకు పైలట్లతో మాట్లాడే వ్యవస్థ మొత్తం మూగబోయింది. కారణం ఒక లెక్క. ఆ కంప్యూటర్‌లో ఒక గడియారం మిల్లీసెకన్లను దింపుకుంటూ పోతుంది. 32 బిట్ల సంఖ్య పట్టేది 429 కోట్ల చిల్లర. అన్ని మిల్లీసెకన్లంటే 49.7 రోజులు. అది సున్నాకు చేరితే యంత్రం ఆగిపోతుంది. అందుకని ముప్పై రోజులకోసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలని నియమం పెట్టారు. ఒకసారి ఎవరో మరిచారు. బ్యాకప్ కూడా నిలబడలేదు. మూడు గంటల పాటు సుమారు 800 విమానాల మీద ప్రభావం పడింది, కొన్ని జంటలు ఉండవలసిన దూరం కన్నా దగ్గరికి వచ్చాయి. లోపాన్ని దిద్దకుండా దాన్ని దాటేసే పనిని మనిషి జ్ఞాపకానికి వదిలేశారు, అదీ సంగతి.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది అదే. తెర ఆరిపోతే నాకంత భయం లేదు. గది మొత్తానికీ ఒకేసారి తెలుస్తుంది, అందరూ చేయవలసింది మొదలుపెడతారు. తెర వెలుగుతూనే అబద్ధం చెబితేనే భయం.

1990ల చివర్లో దక్షిణాదిన ఒక విమానాశ్రయంలో పనిచేసేవాణ్ని. ఒక రాత్రి పదకొండు గంటలకు సీనియర్ కంట్రోలర్ ఒకాయన ఫోన్ చేశారు. “ఏమండీ, మీ రాడార్ ఈ రాత్రి కాస్త పుచ్చుకున్నట్టుంది” అన్నారు. సంగతేమిటంటే, దిగే విమానాలన్నీ తెర మీద రన్‌వే గీతకు కుడిపక్కగా వస్తున్నాయి. పైలట్లను అడిగితే రన్‌వే గీతను చూపే తమ సూది నట్టనడుమ ఉందంటున్నారు. ఒక్క విమానమైతే పైలట్‌ను అనుమానించవచ్చు, వరసగా మూడు వచ్చేసరికి ఆయన రాడార్‌ను అనుమానించారు.

నా ఎదుట ప్యానెల్ మీద దీపాలన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి సరిగ్గా ఉంది, రిసీవర్ బాగుంది, రెండు ఛానళ్లూ ఆరోగ్యంగా ఉన్నాయి. ప్రైమరీ చుక్క, సెకండరీ చుక్క ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. అదే మోసం. రెండు యాంటెనాలూ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. ఆ ఇరుసు ఎటు తిరిగి ఉందో చెప్పే ఎన్‌కోడర్ మా పాత రాడార్‌లో ఒకటే పనిచేస్తోంది. అది తప్పు చెబితే ఇద్దరు సాక్షులూ కలిసి ఒకే అబద్ధం చెబుతారు. ఇలాంటిది పట్టుకోవడానికే తెలిసిన దిక్కులో, తెలిసిన దూరంలో ఒక పరీక్షా ట్రాన్స్‌పాండర్‌ను పాతిపెడతారు. అది ఉండవలసిన చోట కనబడకపోతే అలారం మోగుతుంది. మాది రెండు వారాలుగా మరమ్మతులో ఉంది. లాగ్ బుక్‌లో ప్రతి షిఫ్టువాళ్లూ ‘పరీక్షా ట్రాన్స్‌పాండర్ లేదు, మిగతా అంతా సరి’ అని రాసి సంతకం పెట్టి పోయారు. వాటిలో నా సంతకాలూ ఉన్నాయి.

అప్పుడు ఒక పాత ఉపాయం గుర్తొచ్చింది. ప్రైమరీ రాడార్ కదలని వస్తువులను వడకట్టేస్తుంది, లేకపోతే కొండలూ కట్టడాలతో తెర నిండిపోతుంది. నా టెస్ట్ తెర మీద ఆ వడపోతను ఆపేశాను. కొండలన్నీ తెల్లగా లేచాయి. ఇరవై రెండు మైళ్ల దూరంలో ఒంటరిగా నిలబడే ఒక గుట్ట ఉంది, రాడార్ పెట్టిన రోజున దాని దిక్కు 118 డిగ్రీలని రాసిపెట్టారు. ఆ రాత్రి అది 120లో నిలబడి ఉంది. గుట్టలు నడవవు కదా. రాడార్‌ను ఆపమని చెప్పి, యాంటెనా ఆగాక టార్చితో పైకెక్కాను. ఎన్‌కోడర్‌ను ఇరుసుకు బిగించే చిన్న స్క్రూ, చిటికెన వేలి గోరంత, వదులై జారింది. రెండు డిగ్రీలంటే పది మైళ్ల దగ్గర ఆరువందల మీటర్ల పైచిలుకు, అరవై మైళ్ల దగ్గర దాదాపు నాలుగు కిలోమీటర్లు. బిగించి, లెక్క సరిచూసి, రాడార్ తిరిగి ఇచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత స్క్రూ మీదా ఇరుసు మీదా కలిపి ఎర్ర రంగుతో ఒక గీత గీశాం. స్క్రూ కదిలితే గీత విరిగి కనబడుతుంది. అలారం లేకపోయినా కంటికి తెలుస్తుంది.

ఇప్పటి రాడార్లలో ఎన్‌కోడర్లు రెండుంటాయి, ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. అయినా అబద్ధానికి కొత్త రూపాలు వస్తూనే ఉంటాయి. 2014 జూన్ 5న, మళ్లీ 10న, మధ్య ఐరోపాలో కొన్ని విమానాలు తెరల మీద నుంచి మాయమయ్యాయి. రాడార్లు చెడిపోలేదు. ఎక్కడినుంచో ట్రాన్స్‌పాండర్లకు లెక్కకు మించి ప్రశ్నలు రావడంతో అవి జవాబులివ్వలేకపోయాయని దర్యాప్తులో తేలింది. ఇక బొమ్మ గడ్డకట్టడం మరో రకం. చుక్కలు, పేర్లు, ఎత్తులు అన్నీ ఉంటాయి, కదలవు. అందుకే తెర మూలన సెకన్లు తిరిగే గడియారం పెడతారు. మంచి కంట్రోలర్ కన్ను తనకు తెలియకుండానే దాని మీదికి పోయి వస్తుంటుంది.

సగం చెడిపోయిన స్థితిలో పని నడిపించుకోవడం ఎంతటి ప్రమాదమో చెప్పాలంటే 2002 జులై 1 రాత్రి ఉబెర్లింగెన్ గురించే చెప్పాలి. జర్మనీ దక్షిణ కొసన ఉన్న ఆ ఊరి మీది ఆకాశాన్ని జ్యూరిక్ కేంద్రం చూస్తుంది. ఆ రాత్రి అక్కడ మరమ్మతుల కోసం ప్రధాన వ్యవస్థను ఆపి, రాడార్‌ను తగ్గింపు స్థితిలో నడుపుతున్నారు. విమానాలు తెర మీద కనబడుతూనే ఉన్నాయి. కానీ రెండు విమానాలు దగ్గరవుతుంటే తెర మీద వెలిగే హెచ్చరిక పనిచేయడం లేదు. ప్రధాన ఫోన్ లైన్లు ఆపేశారు, బదులు లైన్‌లో లోపముంది. డ్యూటీలో ఇద్దరుండగా ఒకరు విశ్రాంతికి వెళ్లారు. మిగిలిన ఒక్కరే పక్కపక్కనున్న రెండు తెరల మధ్య తిరుగుతూ, మరో చిన్న విమానాశ్రయానికి దిగే ఎయిర్‌బస్ కోసం ఫోన్ కలపడానికి తంటాలు పడుతున్నారు. ప్రమాదాన్ని పక్కనున్న కార్ల్స్‌రూహె కేంద్రం ముందే చూసింది. పదే పదే ఫోన్ చేసినా లైన్ కలవలేదు. కంట్రోలర్ ఆఖరి నిమిషంలో రష్యన్ టుపోలెవ్‌ను దిగమన్నారు. అదే సమయానికి ఆ విమానంలోని హెచ్చరిక పరికరం ఎక్కమంది. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఎదురొచ్చే సరకుల బోయింగ్ తన పరికరం చెప్పినట్టు దిగింది. 71 మంది చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు.

అక్కడ పూర్తిగా పోయింది ఏదీ లేదు. అన్నీ తలా కొంచెం పోయాయి. ఒక్కొక్కటీ విడిగా ‘ఈ రాత్రికి సర్దుకోవచ్చు’ అనిపించేదే. రాడార్ పూర్తిగా ఆగి ఉంటే ఆకాశాన్ని అంత తేలిగ్గా ఒక్కరి చేతిలో పెట్టేవాళ్లు కాదని నా నమ్మకం. మా లాగ్ బుక్‌లోని ఆ రెండు వారాల సంతకాలూ ఇదే జాతివి.

పైనున్న విమానాల గతేమిటన్నారు. పైలట్‌కు నేల మీది రాడార్ అక్కర్లేదు. తన దారి తన కంప్యూటర్‌లో ఉంటుంది. ఎంత ఎత్తు వరకు పోవచ్చో, ఎక్కడ ఆగాలో ముందే తీసుకున్న అనుమతి ఉంటుంది. రేడియో పోతే ఏం చేయాలన్న నియమమూ ఉంటుంది. ట్రాన్స్‌పాండర్ మీద 7600 పెట్టుకుని, చివరి అనుమతి ప్రకారం నడుస్తారు. ఢీకొనకుండా హెచ్చరించే పరికరం విమానానికీ విమానానికీ మధ్య నేరుగా పనిచేస్తుంది, నేల మీద ఎవరి తెర వెలుగుతోందో దానికి అనవసరం.

కంట్రోలర్ వైపు పని మాత్రం కష్టం. రాడార్ ఉన్నప్పుడు మూడు మైళ్లో ఐదు మైళ్లో దూరం పెట్టి నడిపిన విమానాలను, రాడార్ లేనప్పుడు ఎత్తుల తేడాతోనూ, పది నిమిషాల వంటి సమయపు తేడాలతోనూ నడపాలి. అంటే ఒక్కసారిగా ఆకాశం ఇరుకైపోతుంది. ముందు చేసేది కొత్తవాటిని రానివ్వకపోవడం. పక్క కేంద్రాలకు ‘పంపకండి’ అని, విమానాశ్రయాలకు ‘ఎగరనివ్వకండి’ అని చెబుతారు. లోపలున్నవాటి స్థానాలు రాసుకుని, ఒక్కొక్కదాన్నీ వేరే ఎత్తుకు మారుస్తారు. వెయ్యి అడుగులు ఉండవలసిన చోట అత్యవసరంగా, కాసేపటికి, ఐదొందలతో సరిపెట్టడానికి కూడా అంతర్జాతీయ నియమాలు ఒప్పుకుంటాయి. ఈ పని అంతా కాగితపు స్ట్రిప్పుల మీద నడుస్తుంది. ప్లాస్టిక్ పట్టీలో బిగించిన వేలెడంత వెడల్పు కాగితం మీద విమానం పేరు, ఎత్తు, దారి, సమయం ఉంటాయి. ఎప్పటికప్పుడు పెన్నుతో దిద్దుకుంటూ పోయినవాడికి తెర ఆరినా ఆకాశం బల్ల మీద ఉంటుంది. నెవార్క్‌లో రేడియో కూడా పోయింది కాబట్టి ఇదేదీ చెప్పే వీలు వాళ్లకు లేకపోయింది. అందుకే ఆ తొంభై సెకన్లు అంత పెద్ద వార్త అయ్యాయి, అవ్వాల్సిందే.

అమెరికాలో ఇంత పాత సామాను ఏమిటని కూడా మీకు అనిపించవచ్చు. 2024 సెప్టెంబర్‌లో అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థే చెప్పింది: 138 వ్యవస్థల్లో 51 ఇక నడిపే స్థితిలో లేవు, మరో 54 ఆ దారిలో ఉన్నాయి. ఆగకుండా నడిచే వ్యవస్థను ఆపి మార్చడం ఎవరికీ ఇష్టముండదు, నడుస్తున్నంతకాలం డబ్బివ్వడమూ ఇష్టముండదు. 2025లో 1,250 కోట్ల డాలర్లు కేటాయించారు. నెవార్క్ లైన్లలో రాగి తీగలు తీసి ఫైబర్ వేశారు, న్యూయార్క్, ఫిలడెల్ఫియాల మధ్య కొత్త లైన్లు కలిపారు. ఆ లైన్లు ఒకే కందకంలో లేవని ఎవరైనా నడిచి చూశారనే అనుకుందాం.

మన దగ్గరి సంగతీ ఒకటి. 2025 నవంబర్ 6, 7 తేదీల్లో దిల్లీలో 800కు పైగా విమానాలు ఆలస్యమైనప్పుడు రాడార్ పోయిందనే మాట చాలామంది నోట విన్నాను. పోయింది రాడార్ కాదు, ప్రయాణ పథకాలను చేరవేసే సందేశాల వ్యవస్థ. కంట్రోలర్లు ఒక్కో పథకాన్ని చేత్తో ఎక్కించుకుంటూ నడిపారు, అందుకే ఆలస్యం. అదే కాలంలో దిల్లీ చుట్టూ జీపీఎస్ సిగ్నళ్లను తప్పుదారి పట్టించిన ఘటనలు కూడా జరిగాయి. విమానం తన స్థానాన్ని తానే ప్రకటించే కొత్త పద్ధతి జీపీఎస్ మీద ఆధారపడుతుంది. రాడార్లను ఇక తీసేయవచ్చని వాదించే కుర్ర ఇంజినీర్లకు నేను ఈ రెండు ముక్కలూ కలిపి చెబుతుంటాను.

చివరిగా అమ్మానాన్నల ప్రయాణం. నెవార్క్‌కే టికెట్ తీయండి, రాడార్ గురించి ఆలోచించి కెనెడీకి మార్చవద్దు. కెనెడీ ఆ లాంగ్ ఐలాండ్ కేంద్రం చేతిలోనే ఉంది, ఆ కేంద్రానికీ సిబ్బంది కొరత ఉంది. మీరు చూసుకోవలసింది వేళ. ఆలస్యాలు పొద్దుటి నుంచి పోగై సాయంత్రానికి ముదురుతాయి కాబట్టి ఉదయం దిగే విమానం దొరికితే అది ఎంచుకోండి. అక్కడినుంచి లోపల మరో విమానం ఎక్కాల్సి ఉంటే మధ్యలో నాలుగు గంటలకు తగ్గకుండా పెట్టండి. నాన్నగారికి షుగర్ ఉంటే మందులు, తినడానికి ఏదైనా చేతి సంచిలోనే ఉంచమనండి. గాలిలో అరగంట అదనంగా చక్కర్లు కొట్టించారంటే, కింద ఎవరో ‘పంపకండి’ అన్నారని అర్థం.